బిల్లులో ఒకటి, క్యాబినెట్‌లో ఇంకొకటి: వర్క్‌స్టేషన్ తేడా కొడితే ఏం చేయాలి

నెల్లూరులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో కావచ్చు, ఒంగోలులో ప్లాన్లు గీసే సివిల్ ఇంజినీరు కావచ్చు, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో డ్రాయింగులు చేసే కుర్రాడు కావచ్చు. లక్షన్నర, రెండు లక్షలు పోసి కొన్న వర్క్‌స్టేషన్, అంటే భారీ పనులకు వాడే సిస్టం, మొరాయిస్తే ముందు కోపం వస్తుంది. ఆ కోపంలోనే షాపుకు ఫోన్ చేసి "అన్నా, సిస్టం స్లోగా ఉంది" అంటారు. "ఒకసారి ఫార్మాట్ కొడదాం, తీసుకురండి" అని అవతలి నుంచి జవాబు. అక్కడితో వారం గడిచిపోతుంది, సిస్టం మాత్రం అలాగే ఉంటుంది.

"స్లో" అన్న మాటను ఎవరైనా కాదనొచ్చు. "బిల్లులో 16 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు అని ఉంది, బోర్డు మీద 32 జీబీది ఒక్కటే ఉంది" అంటే కాదనడం కుదరదు. మొదటి మాటను రెండో మాటగా మార్చుకోవడం ఎలాగో కింద వరసగా ఉంది.

కొటేషన్ దగ్గరే సగం పని

"ఐ7, 32 జీబీ, 1 టీబీ, 12 జీబీ కార్డు" అని చీటీ మీద రాసిస్తే దాన్ని కాన్ఫిగరేషన్ అనుకోవద్దు. ఆ నాలుగు మాటల కింద బాగా తక్కువ ధర సిస్టం కూడా ఇమిడిపోతుంది. ప్రతి భాగానికి కంపెనీ పేరు, పూర్తి మోడల్ నంబరు కొటేషన్‌లో ఉండాలి, అవే బిల్లులోకి దిగాలి.

ప్రాసెసర్ విషయంలో చివరి అక్షరం చాలా ముఖ్యం. ఇంటెల్ 14700, 14700ఎఫ్, 14700కె, 14700కెఎఫ్ నాలుగూ "ఐ7 పద్నాలుగో జనరేషనే". కానీ ఎఫ్ ఉన్నవాటిలో లోపలి గ్రాఫిక్స్ ఉండదు. ఆటోక్యాడ్ మీద పనిచేసేవాళ్లకు విడిగా కార్డు ఉంటే దీంతో పెద్ద నష్టం లేదు. పెళ్లి వీడియోల వాళ్లకు మాత్రం నష్టమే. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో 10 బిట్, 4:2:2, హెచ్‌ఈవీసీలో (రంగుల వివరం ఎక్కువగా దాచే వీడియో పద్ధతిలో) షూట్ చేసిన ఫుటేజీని హార్డ్‌వేర్‌లో విప్పే (డీకోడ్ చేసే) శక్తి ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ వరకు ఏ కార్డుకూ లేదు. ఇంటెల్ 11వ జనరేషన్ నుంచి లోపలి గ్రాఫిక్స్ ఆ పని చేస్తుంది, ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డులూ చేస్తాయి. ఎఫ్ ప్రాసెసర్‌కు 40 సిరీస్ కార్డు జతచేసి ఇస్తే ఎడిటింగ్ టైమ్‌లైన్ ముక్కలు ముక్కలుగా నడుస్తుంది, ప్రాసెసర్ మీద భారమంతా పడుతుంది. దాన్ని ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా ప్రయోజనం ఉండదు.

గ్రాఫిక్ కార్డు పేర్లలోనూ ఇదే తిరకాసు. ఆర్‌టీఎక్స్ 3060 అంటే 12 జీబీదానికి మెమరీ దారి వెడల్పు 192 బిట్, 8 జీబీదానికి 128 బిట్. ఆర్‌టీఎక్స్ 3050లో 8 జీబీదానికి 2560 కోర్లుంటే 6 జీబీదానికి 2304 మాత్రమే. పేరొక్కటే, సరుకు వేరు. అందుకే బిల్లులో మెమరీ సైజుతో సహా రాయించుకోవాలి.

మదర్‌బోర్డు గురించి ఎవరూ అడగరు, షాపువాళ్లు మిగుల్చుకునేది కూడా ఎక్కువగా అక్కడే. చవక రకమైన హెచ్610 బోర్డుకు ర్యామ్ స్లాట్లు రెండే. దాని మీద పెద్ద ప్రాసెసర్ పెడితే మొదటి అర నిమిషం పరిగెత్తి, తర్వాత 65 వాట్ల దగ్గర చతికిలబడే అవకాశం ఎక్కువ. రెండర్‌కు పట్టే టైము బాగా పెరుగుతుంది. అయితే కొటేషన్‌లో హెచ్610 అని రాసి ఉండి మీరు సరే అన్నాక షాపును తప్పుపట్టలేరు. ఎస్‌ఎంపీఎస్‌కు (సిస్టంకు కరెంటు అందించే డబ్బాకు) కూడా "750 వాట్లు" అని మాత్రమే రాస్తే చాలదు, కంపెనీ, మోడల్, 80 ప్లస్ రేటింగ్ (కరెంటు వృథా ఎంత తక్కువో చెప్పే గుర్తు) మూడూ ఉండాలి.

ఇక బిల్లు. "జీఎస్టీ లేకుండా కచ్చా బిల్లు ఇస్తాం, 18 శాతం మిగులుతుంది" అన్న మాటకు లొంగకండి. కచ్చా చీటీతో వారంటీ అడగడమూ కష్టం, కేసులో రుజువు చేయడమూ కష్టం. బిల్లు మీద షాపు జీఎస్టీ నంబరు, మీ పేరు, కనీసం ప్రాసెసర్, బోర్డు, కార్డు, ఎస్‌ఎస్‌డీల సీరియల్ నంబర్లు ఉండాలి. చెన్నై రిచీ స్ట్రీటులో కొన్నా, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కొన్నా, మన ఊరి ట్రంకు రోడ్డులో కొన్నా పద్ధతి ఒకటే.

వచ్చిన రోజు, స్విచ్ వేయకముందు

క్యాబినెట్ పక్క పలక తీసి మంచి వెలుతురులో ఫోటోలు కొట్టండి. బ్రాండెడ్ వర్క్‌స్టేషన్ మీద సీల్ ఉంటే మాత్రం చింపకుండా ముందు కంపెనీని అడగండి. ర్యామ్ మీద, కార్డు వెనక, ఎస్‌ఎంపీఎస్ పక్కన ఉన్న స్టిక్కర్లన్నీ చదవగలిగేలా రావాలి. డిస్ట్రిబ్యూటర్లు నెల, సంవత్సరం గుర్తుపెట్టి అంటించే చిన్న కాగితపు స్టిక్కరు ఊడిపోతే వారంటీలో తీసుకోరు, కాబట్టి దాన్ని గోకవద్దు. ప్రాసెసర్ డబ్బా కూడా అడిగి తెచ్చుకోండి. డబ్బాలో వచ్చే ఇంటెల్ ప్రాసెసర్‌కు కంపెనీ వారంటీ ఉంటుంది. డబ్బా లేకుండా వచ్చే ట్రే సరుకైతే అమ్మినవాళ్ల దగ్గరే చూసుకోవాలి.

ర్యామ్ రెండు స్టిక్కులైతే, నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి. పక్కపక్కన గుచ్చి ఉంటే డ్యూయల్ ఛానెల్ (రెండు స్టిక్కులూ ఒకేసారి డేటా పంపడం) రాకపోవచ్చు. గ్రాఫిక్ కార్డు పై పొడుగు స్లాటులో ఉండాలి. మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టాలి. బోర్డుకు పెట్టి "కార్డు పనిచేయడంలేదు" అని ఫిర్యాదు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

డీడీఆర్5 ర్యామ్ ఉన్న సిస్టం మొదటిసారి ఆన్ చేస్తే కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. ర్యామ్‌ను సరిచూసుకుంటోంది. కంగారుపడి స్విచ్ ఆపకండి.

లోపల ఏముందో చూడటం

టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ, సీపీయూ-జెడ్, జీపీయూ-జెడ్, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో, హెచ్‌డబ్ల్యూఇన్ఫో ఉంటే చాలు, అన్నీ ఉచితమే. ప్రతి పేజీకి తేదీ, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి.

సీపీయూ-జెడ్ మెమరీ పేజీలో డీడీఆర్5కు ఛానెల్ దగ్గర 4 ఇంటూ 32 బిట్ ఉంటే డ్యూయల్, 2 ఇంటూ 32 ఉంటే సింగిల్. ఎస్‌పీడీ పేజీలో ఒక్కో స్లాటు ఎంచుకుంటే స్టిక్కు పార్టు నంబరు వస్తుంది, దాన్ని బిల్లుతో పోల్చండి. 6000 స్పీడు ర్యామ్‌కు డబ్బు కట్టినా టాస్క్ మేనేజర్‌లో 4800 కనిపిస్తే బయాస్‌లో (సిస్టం ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల పేజీలో) ఎక్స్‌ఎంపీ, ఏఎండీ అయితే ఎక్స్‌పో, అనే ర్యామ్ స్పీడు సెట్టింగు ఆన్ చేయలేదని అర్థం. దానికి షాపుకు పోవాల్సిన పనిలేదు. రైజెన్ 7000 సిరీస్‌లో నాలుగు స్టిక్కులు నింపితే ఏఎండీ అధికారికంగా హామీ ఇచ్చే స్పీడు 3600 మాత్రమే. ఎక్కువ ర్యామ్ కావాలంటే పెద్ద స్టిక్కులు రెండు తీసుకోవడం మేలు.

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో ఎస్‌ఎస్‌డీ పూర్తి మోడల్, ట్రాన్స్‌ఫర్ మోడ్, పవర్ ఆన్ గంటలు, మొత్తం ఎంత రాశారో ఉంటాయి. కొత్త డ్రైవులో గంటలు వందల్లో ఉన్నా, రాసిన డేటా వేల జీబీల్లో ఉన్నా అది వాడిన సరుకు. ఎం.2 ఆకారంలో (చిన్న పట్టీలా) ఉన్నంతమాత్రాన వేగమైన ఎన్‌వీఎంఈ రకం అనుకోకూడదు. ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర సాటా (పాత, నెమ్మది రకం) అని ఉంటే సెకనుకు సుమారు 550 ఎంబీ దగ్గరే ఆగుతుంది. జెన్4 ఎన్‌వీఎంఈ మంచి డ్రైవు 7000 దాకా చదువుతుంది.

విండోస్ అసలుదా కాదా చూడటానికి రన్ బాక్సులో ఎస్‌ఎల్‌ఎంజీఆర్ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ డీఎల్‌ఐ కొట్టండి. "వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్" (కంపెనీలకు టోకుగా ఇచ్చే రకం) అని వచ్చి, బిల్లులో విండోస్ 11 ప్రోకు విడిగా డబ్బు వేసి ఉంటే, మీకిచ్చింది కొన్న లైసెన్సు కాదు.

కొన్ని అంకెలు తేడాగా కనిపిస్తాయి కానీ మోసం కాదు. వీటి మీద గొడవపడితే నిజమైన ఫిర్యాదు కూడా పలచబడుతుంది. 1 టీబీ డ్రైవు విండోస్‌లో 931 జీబీగానే కనిపిస్తుంది. 6000 ర్యామ్ సీపీయూ-జెడ్‌లో 3000గా కనిపిస్తుంది, ఎందుకంటే ప్రతి గడియకు రెండుసార్లు డేటా పోతుంది. ఖాళీగా ఉన్న కార్డు జీపీయూ-జెడ్‌లో పీసీఐ 1.1 అని చూపిస్తుంది. పక్కనున్న ప్రశ్నార్థకం బటన్ నొక్కి పరీక్ష నడిపిస్తే అసలు స్పీడు పైకొస్తుంది. పరీక్ష నడుస్తున్నా ఎక్స్16 ఉండాల్సిన చోట ఎక్స్4 అని ఉంటేనే కార్డును తప్పు స్లాటులో పెట్టారని అర్థం.

"మీ ఇంట్లో కరెంటు బాలేదు సార్"

సర్వీసు కుర్రాడు వచ్చీరాగానే అనే మాట ఇది. కొన్నిసార్లు నిజం కూడా. అందుకే అతను రాకముందే మీరే తేల్చుకోండి.

చెప్పుల్లేకుండా నేల మీద నిలబడి క్యాబినెట్ వెనకవైపు స్క్రూను వేలి వెనకభాగంతో తాకితే జివ్వుమని లాగినట్టుందా? మానిటర్ కేబుల్ గుచ్చేటప్పుడు చిటుక్కుమని నిప్పురవ్వ వస్తోందా? ఎర్తింగ్ లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల, ఎర్త్ తెగిన క్యాబినెట్ మీద సుమారు 110 వోల్టులు తేలుతూ ఉంటాయి. కరెంటు చాలా తక్కువ కాబట్టి పెద్ద షాక్ కొట్టదు. కానీ యూఎస్‌బీ పోర్టులు, హెచ్‌డీఎంఐ పోర్టులు కాలిపోవడానికి అదే కారణమవుతుంది. చేత్తో పరీక్షించడం కంటే మల్టీమీటరే నయం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మూడూ కొలిపించండి. మొదటి రెండూ 220 నుంచి 240 మధ్య దగ్గరదగ్గరగా ఉండాలి, మూడోది 3 లోపు ఉండాలి. మీటర్ అంకె కనిపించేలా ఫోటో తీసి పెట్టుకోండి. ఇసుక నేలల్లో ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోయి పట్టు తప్పుతుంది. మే నెలలో రోజూ ఒక బిందె నీళ్లు పోస్తే తేడా మీటర్‌లోనే కనిపిస్తుంది.

యూపీఎస్ సంగతి. షాపువాళ్లు సిస్టంతో పాటు అంటగట్టే 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లు. ఐ7తో పాటు 200 వాట్లు తాగే ఆర్‌టీఎక్స్ 4070 రెండర్‌లో ఉంటే సిస్టం 450 దాటుతుంది. కరెంటు పోగానే యూపీఎస్ కూయడమే ఆలస్యం, సిస్టం ఆగిపోతుంది. దీనికి కనీసం 1500 వీఏ, అదీ సైన్‌వేవ్ ఇచ్చేది కావాలి. చవక యూపీఎస్‌ల చతురస్రపు తరంగం మంచి ఎస్‌ఎంపీఎస్‌లకు ఒక్కోసారి పడదు. లేజర్ ప్రింటరును మాత్రం ఆ యూపీఎస్‌కు తగిలించకండి.

వేడికి వద్దాం. సినీబెంచ్ (ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసే పరీక్ష) 10 నిమిషాలు నడిపి హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ప్రాసెసర్ వేడి చూడండి. ఇంటెల్ 14వ జనరేషన్ 100 డిగ్రీల దగ్గర తనే వేగం తగ్గించుకుంటుంది, రైజెన్ 7000 అయితే 95 దగ్గర. రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో 40 డిగ్రీలుంటే ఆ భారమంతా కూలర్ మీదే పడుతుంది, ఆ అంకెను షాపు మీదకు నెట్టడం న్యాయం కాదు. పొద్దున్నే చల్లటి గదిలో కూడా నిమిషంలోనే 100 తాకితే కూలర్ సరిగా బిగించలేదేమో అనుమానించాలి. అడుగున అంటించి ఉన్న ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించిన సందర్భాలూ ఉంటాయి. చీమకుర్తి వైపు రాతి దుమ్ములో నెలకోసారి బ్లోయర్‌తో కొట్టాల్సిందే. కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకోండి, గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ పోతుంది.

ఆగిపోతుంటే రుజువు ఎలా పట్టుకోవాలి

విండోస్‌లో ఉండే రిలయబిలిటీ మానిటర్ తెరిస్తే ఏ రోజు ఏం కూలిందో ఎర్ర గుర్తులతో వరసగా ఉంటుంది. అన్నింటికంటే తేలికైన రుజువు అదే. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 ఉంటే సిస్టం ఉన్నపళంగా పడిపోయిందని మాత్రమే తెలుస్తుంది, కారణం తెలియదు. అదే డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ పేరుతో ఎర్రర్లు ఉంటే హార్డ్‌వేర్ మీద గట్టి అనుమానం. ర్యామ్ మీద అనుమానముంటే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి రాత్రంతా నాలుగు పాస్‌లు నడపండి. ఎక్స్‌ఎంపీ ఆపి నడిపినా ఒక్క ఎర్రర్ వచ్చిందంటే మార్చాల్సిందే, "ఒకటేగా" అంటే ఒప్పుకోవద్దు.

ఇంటెల్ 13, 14 జనరేషన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లున్నవాళ్లు ఇంకొకటి చూడాలి. వోల్టేజీ ఎక్కువై ప్రాసెసర్ మెల్లగా పాడయ్యే లోపాన్ని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. డబ్బాలో అమ్మిన వాటికి వారంటీని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. 2024 సెప్టెంబరులో వచ్చిన 0ఎక్స్12బి మైక్రోకోడ్ (ప్రాసెసర్‌ను నడిపే లోపలి ప్రోగ్రాము) గానీ, ఆ తర్వాతది గానీ బయాస్‌లో ఉండాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో కనిపిస్తుంది. అప్‌డేట్ ఇకపై జరిగే నష్టాన్ని ఆపుతుంది, అయిపోయినదాన్ని బాగుచేయదు. ఇన్‌స్టాలర్లు, జిప్ ఫైళ్లు కారణం లేకుండా ఎర్రర్ కొడుతుంటే ప్రాసెసర్ మార్చమనే అడగాలి.

షాపుతో మాట్లాడటం

ఫోన్‌లో ఎంత మాట్లాడినా, అదే రోజు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాతలో పెట్టండి. మర్యాద తగ్గనక్కర్లేదు, అంకెలు తగ్గకూడదు. ఇలా:

"అన్నా, నమస్తే. మన షాపులో ఫలానా తేదీన, ఫలానా నంబరు బిల్లుతో సిస్టం తీసుకున్నాను. బిల్లులో 16 జీబీ స్టిక్కులు రెండు, జెన్4 ఎస్‌ఎస్‌డీ అని ఉంది. సిస్టంలో 32 జీబీది ఒకటే ఉంది, ఎస్‌ఎస్‌డీ సాటాది ఉంది. బిల్లు, లోపలి ఫోటో, స్క్రీన్‌షాట్లు రెండు పంపుతున్నాను. ఏడు రోజుల్లో బిల్లులో ఉన్నవి పెట్టివ్వండి, లేదా తేడా డబ్బు వెనక్కివ్వండి. ఏ రోజు తీసుకురావాలో రాసి పంపండి."

ఒక మెసేజీలో ఒకే రకం సమస్య ఉండాలి. ర్యామ్ తేడా, ఫ్యాను శబ్దం, విండోస్ అప్‌డేట్ అన్నీ కలిపి రాస్తే జవాబు అన్నింటికంటే చిన్నదానికే వస్తుంది.

సిస్టం ఇచ్చేటప్పుడు జాబ్ షీట్ లేకుండా ఇవ్వకండి. అందులో ప్రతి భాగం సీరియల్ నంబరు, కంప్లైంటు, తేదీ, తీసుకున్నవాళ్ల సంతకం ఉండాలి. మాఘమాసం ముహూర్తాల ఫుటేజీ ఉన్న డ్రైవులు విప్పి ఇంట్లోనే పెట్టుకోండి. "ఫార్మాట్ కొడతాం" అన్నమాట వింటే ముందు బ్యాకప్, తర్వాతే అనుమతి. బస్సు పార్సిల్‌లో చెన్నైకో విజయవాడకో పంపాల్సి వస్తే గ్రాఫిక్ కార్డు విప్పి విడిగా ప్యాక్ చేయాలి. లోపలే వదిలేస్తే కుదుపులకు బోర్డు స్లాటు చిరిగిపోతుంది, అది వారంటీలోకి రాదు.

బ్రాండెడ్ వర్క్‌స్టేషన్ అయితే కొన్న వారంలోనే సీరియల్ నంబరు కంపెనీ సైటులో కొట్టి వారంటీ మొదలైన తేదీ చూడండి. పాత స్టాకైతే మీ బిల్లు తేదీకంటే నెలల ముందే మొదలై ఉండొచ్చు. బిల్లు పంపి సరిచేయించుకోవాలి. ఆన్‌సైటా, మనమే తీసుకెళ్లాలా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది. కాల్ చేసిన ప్రతిసారీ కేసు నంబరు అడిగి రాసుకోండి. అదే సమస్యకు కొత్త నంబరు ఇస్తామంటే వద్దనండి, పాతదే మళ్లీ తెరవమనండి. మూడుసార్లు వచ్చారన్నది ఒకే నంబరు కింద కనిపిస్తేనే పైవాళ్లకు విషయం ఎక్కుతుంది.

వినకపోతే

1915కు ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడతారు. వాళ్లు ఆదేశాలివ్వలేరు, కంపెనీకి ఫిర్యాదు పంపి జవాబు రాబట్టే ప్రయత్నం చేస్తారు. పెద్ద బ్రాండ్ల దగ్గర చాలాసార్లు ఇక్కడే కదలిక వస్తుంది. లేకపోతే షాపుకు నోటీసు స్పీడ్ పోస్టులో పంపి, రసీదు, అందినట్టు చూపే ట్రాకింగ్ పేజీ దాచుకోండి.

ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. నెల్లూరులో ఒకటి, ఒంగోలులో ఒకటి ఉన్నాయి. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోట గానీ, పని చేసుకునే చోట గానీ కేసు వేయొచ్చు. సిస్టం చెన్నైలో కొన్నారని చెన్నై చుట్టూ తిరగనక్కర్లేదు. కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. నోటీసు అందాక అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి, కమిషన్ ఇంకో 15 రోజులకు మించి పొడిగించదు.

వర్క్‌స్టేషన్ కొన్నవాళ్ల కేసులు ఎక్కువగా తట్టుకునేది ఒక్కచోటే: "ఇది వ్యాపారం కోసం కొన్నది, ఇతను వినియోగదారుడు కాదు" అన్న వాదన దగ్గర. వ్యాపార అవసరానికి కొన్నవాళ్లు ఈ చట్టం కిందికి రారన్నది నిజమే. కానీ స్వయం ఉపాధితో బతకడానికి, కేవలం అందుకోసమే కొని తానే వాడుకుంటే దాన్ని వ్యాపార అవసరంగా చూడరని అదే చట్టం రెండో సెక్షన్ ఏడో క్లాజులో ఉంది. ఒక్కడే కూర్చుని ఆల్బమ్‌లు చేసుకునే డిజైనరు "నా జీవనోపాధి కోసం, నేనే స్వయంగా వాడుకోవడానికి కొన్నాను" అన్న వాక్యం ఫిర్యాదులో తప్పక రాయాలి. పదిమంది స్టాఫుతో కంపెనీ పేరు మీద ఐదు సిస్టంలు కొన్నవాళ్లకు ఈ దారి కష్టం, సివిల్ కోర్టుకే పోవాలి. జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుని (బిల్లులో కట్టిన పన్నును వ్యాపార పన్నులోంచి తగ్గించుకుని) ఉంటే అవతలి వకీలు దాన్ని ఎత్తిచూపుతాడు, జవాబు సిద్ధంగా పెట్టుకోండి.

లోపం ఉన్న భాగాన్ని కమిషన్ ల్యాబ్ పరీక్షకు పంపొచ్చు. కాబట్టి పని ఆగిపోతోందని కొత్త ర్యామ్ కొని వేసుకున్నా, పాత స్టిక్కును అమ్మకుండా యాంటీస్టాటిక్ కవరులో పెట్టి బిల్లుతో పాటు బీరువాలో ఉంచండి. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. లోపం మొదట ఎప్పుడు బయటపడిందో ఆ స్క్రీన్‌షాట్ తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. షాపువాళ్లు "రేపు, ఎల్లుండి" అని తిప్పిన నెలలు కూడా ఆ రెండేళ్లలోనే పోతాయి.